ఎత్తుకు తగిన కంచము
నడివయస్సు స్త్రీల బరువును గూర్చి

ఇటీవల మేమొక గ్రామములో స్వయం సహాయక సంఘముల సమావేశమునకు పోయియుంటిమి. ఆనాడు ప్రాథమిక ఆరోగ్య కేంద్రము వారు అక్కడనే ఒక బల్ల వేసి, వచ్చినవారికి రక్తపుపోటును, మధుమేహమును పరీక్షించుచుండిరి. ప్రక్కనే బరువు తూచు యంత్రము కూడ నుండెను. వరుసలో నిలిచిన స్త్రీలలో నలువదియైదేండ్ల గృహిణి యొకరు యంత్రము మీదనుండి దిగి, అంకెను చూచి, మా వంక తిరిగి ఇట్లు ప్రశ్నించిరి.

"అయ్యా, మా ఇంటాయన తినేదానికంటే నేనొక ముద్ద తక్కువే తింటాను. ఆయన చూస్తే చింతబరికెలాగ ఉంటారు. నేనేమో ఇట్లా ఉన్నాను. అందరూ నా నోటిదే తప్పంటారు. రాత్రి అన్నం మానేసి రెండు నెలలయింది. మొన్న బోరింగు దగ్గర కళ్లు తిరిగి పడ్డాను. బరువు మాత్రం కదల్లేదు. ఇంకేం మానమంటారు?"

ఆమె ఎత్తు 145 సెంటీమీటర్లు, అనగా 4 అడుగుల 9 అంగుళములు. బరువు 60 కిలోలు. ఆ ప్రశ్నకు మేమానాడు తృప్తికరమైన సమాధానము చెప్పలేకపోతిమి. తరువాత వైద్యులనడిగి, పోషకాహార శాస్త్రజ్ఞులు ప్రచురించిన పట్టికలను చూచి తెలిసికొన్నదానిని ఇచ్చట పాఠకులకు మనవి చేయుచున్నాము. ముందుగా ఒక్క మాట. ఆ సోదరి చెప్పినది అక్షరాల నిజము కావచ్చును. తప్పు ఆమె నోటిది కాదు. ఇంటిల్లిపాదికి ఒకే గరిటెతో, ఒకే కొలతతో వడ్డించు అలవాటుది.

పొట్టివారి లెక్క వేరు

మనము ఏ పనియు చేయక పడుకొనియున్నను గుండె కొట్టుకొనుచుండును. ఊపిరితిత్తులు, మెదడు, కాలేయము పనిచేయుచుండును. అందులకు శరీరము కొంత శక్తిని వ్యయము చేయును. ఆ శక్తిని కేలరీలలో కొలుతురు. ఎంత కావలెనన్నది ఎత్తును, బరువును, వయస్సును, స్త్రీపురుష భేదమును బట్టి యుండును. 1990లో మిఫ్లిన్, సెయింట్ జియోర్ మొదలగు శాస్త్రజ్ఞులు ప్రకటించిన సూత్రము ప్రకారము లెక్కించినచో, 45 ఏండ్ల వయస్సు, 145 సెంటీమీటర్ల ఎత్తు, 60 కిలోల బరువు గల స్త్రీకి విశ్రాంతిలో దినమునకు ఇంచుమించు 1,120 కేలరీలు చాలును. 48 ఏండ్ల వయస్సు, 168 సెంటీమీటర్ల ఎత్తు, 62 కిలోల బరువు గల పురుషునకు 1,435 కేలరీలు కావలెను. మనిషికిని మనిషికిని కొంత భేదముండునుగాని, లెక్క తీరు ఇది.

దీనికి పనిపాటల ఖర్చును కలుపవలెను. ఇంటిపట్టున నుండు ఆ స్త్రీకి మొత్తము 1,550 కేలరీల ప్రాంతమున సరిపోవును. పొలములో కష్టించు భర్తకు 2,500 కేలరీల వరకు కావలసివచ్చును. అనగా భర్త కంచములో మూడు పాళ్లున్నచో ఆమె కంచములో రెండు పాళ్లకు మించరాదు. ఒక ముద్ద తగ్గించినంత మాత్రమున ఈ తేడా తీరదు. తక్కువ తినుచున్నాననుకొనుచునే ఆమె తన శరీరమునకు కావలసినదానికంటె ఎక్కువ తినుచుండును. ఆ మిగులు దినదినము కొంచెము కొంచెముగా కొవ్వుగా నిలువయగును.

అచ్చుపడిన పట్టికలు కూడ పొట్టివారికి యథాతథముగా సరిపోవు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ, భారత వైద్య పరిశోధనా మండలి 2020లో ప్రకటించిన ప్రమాణములలో, తక్కువ శ్రమ చేయు స్త్రీకి దినమునకు 1,660 కేలరీలు చాలునని కలదు. అయితే అందు ప్రమాణముగా గైకొన్న స్త్రీ ఎత్తు 162 సెంటీమీటర్లు, బరువు 55 కిలోలు. మన దేశపు స్త్రీల సగటు ఎత్తు 152 సెంటీమీటర్ల ప్రాంతముననే యున్నది. కావున అంతకంటె పొట్టివారు పట్టికలోని కొలతను తమకు తగినట్లు కొంత తగ్గించుకొనవలెను.

ఎవరికి ఎంత బరువు తగును?

బరువును కిలోలలో తీసికొని, ఎత్తును మీటర్లలో తీసికొని, ఎత్తును ఎత్తుతోనే గుణించి, ఆ వచ్చినదానితో బరువును భాగింపవలెను. వచ్చిన అంకె 18.5 కంటె తక్కువయైనచో కృశించినట్లు. 23 వరకు ఆరోగ్యకరము. 23 దాటినచో అధిక బరువు. 25 దాటినచో స్థూలకాయము. ఇవి భారతీయుల శరీరతత్త్వమును బట్టి మన వైద్యులు 2009లో అంగీకరించిన హద్దులు. ఇతర దేశములవారి హద్దులకంటె ఇవి తక్కువ. ఏలననగా తక్కువ బరువుననే మనవారికి మధుమేహము, గుండెజబ్బు దాపురించుచున్నవి.

ఈ లెక్క ప్రకారము 145 సెంటీమీటర్ల ఎత్తుగలవారు 39 నుండి 48 కిలోలు, 150 సెంటీమీటర్లవారు 42 నుండి 52 కిలోలు, 155 సెంటీమీటర్లవారు 44 నుండి 55 కిలోలు ఉండుట మేలు. 60 కిలోల బరువు 162 సెంటీమీటర్ల స్త్రీకి ఆరోగ్యపు హద్దులోనిదే. అదే 60 కిలోలు 145 సెంటీమీటర్ల స్త్రీ మోసినచో అంకె 28 దాటిపోవును. కనుక పొరుగింటామెతో బరువును పోల్చుకొనుట వలన లాభము లేదు.

ఇంతకంటె సులభమైన కొలత నడుము చుట్టుకొలత. ప్రక్కటెముకల చివరకును తుంటి ఎముక పైభాగమునకును నడుమ, ఊపిరి విడిచి, దర్జీ వాడు టేపుతో బిగింపకుండ కొలువవలెను. స్త్రీలకు 80 సెంటీమీటర్లు, అనగా రమారమి 31 అంగుళములన్నర, హద్దు. ముప్పది ఏండ్లు దాటినవారి వివరములడిగి ఆశా కార్యకర్త నింపు పత్రములో ఈ కొలత కూడ కలదు. ఆమె వచ్చినప్పుడు సిగ్గుపడక కొలిపించుకొనవలెను.

నడివయస్సుననే ఏల?

2019-21లో జరిగిన ఐదవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము, 15 నుండి 49 ఏండ్ల స్త్రీలలో పైన చెప్పిన అంకె 25 గాని, అంతకు మించిగాని గలవారు దేశమంతట నూటికి 24 మంది. తెలంగాణములో నూటికి 30 మంది. ఆంధ్రప్రదేశ్‌లో నూటికి 36 మంది. ఇది నగరముల సమస్య యని పల్లెవాసులు తలంపవలదు.

వయస్సు మీరినకొలది కండ తగ్గును. కండ తగ్గినచో విశ్రాంతిలో వ్యయమగు శక్తియు తగ్గును. ముట్టు నిలిచిపోవు కాలమున శరీరములో జరుగు మార్పుల వలన కొవ్వు తొడలనుండి పొట్టవైపునకు చేరును. మన రెండు రాష్ట్రములలో చిన్నవయస్సుననే గర్భసంచి తీయించుకొనినవారు ఇతర రాష్ట్రములకంటె అధికముగా నున్నారు. దానితోపాటు అండాశయములను కూడ తీసివేసినచో ఈ మార్పు వెంటనే వచ్చిపడును. అట్టివారు మరింత ముందుగా జాగ్రత్తపడవలెను.

పని తీరు కూడ మారినది. మన అమ్మమ్మలు వడ్లు దంచిరి, తిరగలి త్రిప్పిరి, రుబ్బురోలు రుబ్బిరి, బావినుండి నీళ్లు తోడి బిందెలు మోసిరి. నేడు మిల్లు, మిక్సీ, కుళాయి, గ్యాసుపొయ్యి ఆ శ్రమను తప్పించినవి. ఇది సంతోషింపదగిన విషయమే. ఆ చాకిరీ తిరిగి రావలెనని ఎవరును కోరరు. కాని పని తగ్గినను అన్నపు కొలత మాత్రము అమ్మమ్మల నాటిదే మిగిలినది. దానికి తోడు పంచదార టీలు, నూనె ప్యాకెట్లు, బజ్జీలు చేరినవి.

మరియొక అలవాటు కలదు. తల్లి అందరికంటె చివర భోజనము చేయును. పిల్లలు కంచములో విడిచినది, గిన్నెలో మిగిలినది పారవేయుటకు మనసొప్పక తానే తినివేయును. అన్నమును పరబ్రహ్మ స్వరూపముగా భావించు మన సంప్రదాయము గొప్పది. ఆ గౌరవమును వండునప్పుడే చూపి, తగుమాత్రము వండినచో మిగులు ప్రశ్నయే రాదు. మిగిలినదానిని భద్రపరుపవచ్చును, పశువులకు పెట్టవచ్చును. తల్లి కడుపు మిగులు పోయు కుండ కాదు.

పస్తు మందు కాదు

ఆ సోదరి రాత్రి భోజనము మానినను బరువు ఏల తగ్గలేదు? పస్తుండినవారు మరునాడు ఉదయము తెలియకుండగనే అధికముగా తిందురు. నీరసము వలన కదలిక తగ్గించుకొందురు. ఇక శనివారపు ఒంటిపూట సంగతి చూడుడు. అన్నమునకు బదులు నూనె పోసి కాల్చిన నాలుగు దోసెలు తినినచో అది ఉపవాసము పేరనే గాని లెక్కలో కాదు.

అంతకంటె పెద్ద ప్రమాదము వేరొకటి కలదు. అదే సర్వేలో ఆంధ్రప్రదేశ్ స్త్రీలలో నూటికి దాదాపు 59 మందికి, తెలంగాణములో దాదాపు 58 మందికి రక్తహీనత యున్నట్లు తేలినది. ఒంట బరువు ఎక్కువయై, రక్తము తక్కువైన స్త్రీలు మన మధ్య పలువురున్నారు. చూచువారికి బొద్దుగా కనబడుట వలన వారి నీరసమును ఎవరును నమ్మరు. అట్టివారు పస్తుండినచో కొవ్వుతోపాటు కండయు కరగిపోవును. కళ్లు తిరిగినవారు మొదట రక్తపరీక్ష చేయించుకొనవలెను. మధుమేహమునకు మాత్రలు వాడువారు వైద్యుని అడుగక పూట భోజనము మానరాదు. రక్తములో చక్కెర హఠాత్తుగా పడిపోయి ప్రాణాపాయము కలుగవచ్చును.

దినమునకు 500 కేలరీలు తగ్గింపుడని సామాన్యముగా చెప్పుదురు. 2,500 కేలరీలు కావలసినవానికి ఆ సలహా తగును. 1,550 మాత్రమే కావలసిన పొట్టి స్త్రీ అట్లు చేసినచో ఆమెకు మిగులునది వేయికి కొంచెమెక్కువ. అందులో కావలసిన మాంసకృత్తులు, ఇనుము, సున్నము సమకూరుట కష్టము. ఆమెకు 250 కేలరీల తగ్గింపు చాలును. అట్లు చేసినచో నెలకు ఒక కిలో చొప్పున బరువు దిగును. వేగము తక్కువే గాని, దిగిన బరువు నిలుచును.

250 కేలరీలు ఎచ్చటనుండి తగ్గింపవలెను?

దినమునకు మూడు టీలు త్రాగువారు ఒక్కొక్క దానిలో రెండు చెంచాల పంచదారకు బదులు ఒకటి వేసికొనినచో 60 కేలరీలు తగ్గును. కూరలో, తాళింపులో తన వంతు నూనెను రెండు చిన్న చెంచాలు తగ్గించినచో 80 తగ్గును. వండిన అన్నము 100 గ్రాములు, అనగా ఒక నిండు గరిటె, తగ్గించినచో 130 తగ్గును. ఈ మూడును కలిపి 270. ఏ పూట భోజనమును మాననక్కరలేదు.

నూనె విషయములో ఇంటిల్లిపాదికి పనికివచ్చు లెక్క యొకటి. 2024లో జాతీయ పోషకాహార సంస్థ ప్రకటించిన సూచనలలో, 2,000 కేలరీల ఆహారము తినువారికి దినమునకు 27 గ్రాముల నూనె చాలునని కలదు. నలుగురు పెద్దలున్న ఇంటికి నెలకు మూడున్నర లీటర్లు దాటరాదన్నమాట. నెలకు ఎన్ని ప్యాకెట్లు ఖాళీయగుచున్నవో గోడమీద గీతలు గీచి చూడుడు. పచ్చడిపై తేలు నూనెను కూడ లెక్కలో చేర్చవలెను.

తగ్గించిన అన్నపు స్థానమును ఖాళీగా నుంచరాదు. కంచములో సగము కూరగాయలు, ఆకుకూరలు ఉండవలెను. తోటకూర, బచ్చలి, గోంగూర, మునగాకు, పెరటి బీర, సొర, ఆనప ఇందులకు తగినవి. వీనితో కడుపు నిండును, కేలరీలు తక్కువ. ప్రతి పూట మాంసకృత్తులు గల పదార్థమొకటి ఉండితీరవలెను. దినమునకు 45 గ్రాముల మాంసకృత్తులు కావలెను. ఒక గ్రుడ్డులో 6 గ్రాములు, 30 గ్రాముల కందిపప్పులో 6 గ్రాములకు పైగా, ఒక పెద్ద గ్లాసు పాలలో 8 గ్రాములు కలవు. పప్పును నీళ్లవలె పలుచన చేసి అన్నము పెంచుట విడిచి, పప్పు చిక్కగా కాచి అన్నము తగ్గింపవలెను. గ్రుడ్డు మగపిల్లలకే యను పాత భావన ఇక చాలును.

జొన్నలు, రాగులు, కొర్రలు తినినచో ఎంత తినినను లావెక్కరని కొందరు చెప్పుచున్నారు. ఇది పొరబాటు. తూకానికి తూకము చూచినచో వీనికిని బియ్యమునకును శక్తిలో తేడా స్వల్పము. వీనిలో పీచు ఎక్కువ యగుటచే ఆకలి ఆలస్యముగా వేయును. అదియే వీని మేలు. వేరుసెనగలు మంచివే గాని, టెలివిజను ముందు కూర్చుండి తిను ఒక గుప్పెడులో 160 కేలరీలకు పైగా ఉండును.

కదలిక

పెద్దలు వారమునకు 150 నిమిషములైనను చురుకుగా నడువవలెనని, రెండు దినములు కండలకు బలము కలిగించు పనులు చేయవలెనని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో సూచించినది. అరగంట చొప్పున ఐదు దినములు నడచినచో 150 నిమిషములగును. నలుగురు కలిసి చెరువుగట్టు మీద నడచినచో భయము లేదు, విసుగు రాదు. సంఘ సభ్యులు పొదుపు లెక్కల కొరకు కలియు దినముననే నడకయు మొదలిడవచ్చును.

నడక ఒక్కటే చాలదు. నడివయస్సున జారిపోవు కండను నిలుపుకొనవలెను. గట్టి కుర్చీపై కూర్చుండి, చేతులు ఆనింపక, పదిమార్లు లేచి కూర్చుండుట. గోడకు చేతులానించి శరీరమును ముందుకు వంచి వెనుకకు నెట్టుట. నీళ్లు నింపిన సీసాలు రెండు చేతులతో ఎత్తి దించుట: వీనికి రూపాయి ఖర్చు లేదు. మోకాళ్ల నొప్పి యున్నవారు ఓర్చుకొనగలిగినంతే చేయవలెను.

అంకె కదలకున్నను ఫలము కలదు

చెన్నై శాస్త్రజ్ఞులు మధుమేహము రానున్న 531 మందిపై మూడేండ్లు పరిశోధన జరిపి 2006లో ఫలితములు ప్రకటించిరి. ఆహారములో, వ్యాయామములో మార్పు చేసికొన్నవారిలో మధుమేహము వచ్చు ప్రమాదము నూటికి 28 పాళ్లకు పైగా తగ్గినది. విశేషమేమనగా, వారి బరువు చెప్పుకొనదగినంతగా తగ్గలేదు. కావున తూనిక యంత్రము అంకె కదలలేదని నిరాశపడవలదు. నడుము కొలత, రక్తపుపోటు, మెట్లెక్కునప్పటి ఆయాసము, రాత్రి నిద్ర: వీనిని కూడ గమనింపవలెను. నెలకొక్కసారి తూచుకొనినచో చాలును.

పొడులు, పానీయములు, నెలలో పది కిలోలు తగ్గించు మాత్రలు అమ్మువారు గ్రామములకును వచ్చుచున్నారు. వారి మాటలు నమ్మి డబ్బును, కాలేయమును పోగొట్టుకొనవలదు. బరువు తగ్గుటకై థైరాయిడు మాత్రలు మ్రింగుట గుండెకు ప్రమాదము. అకారణముగా బరువు పెరుగుచు, చలికి ఓర్వలేక, మలబద్ధకముతో బాధపడువారు థైరాయిడు పరీక్ష చేయించుకొనవలెను. లోపము తేలినచో వైద్యుడు చెప్పిన మోతాదుననే మందు వాడవలెను.

ఇంటివారి బాధ్యత

పొట్టితనము కొంత వంశమును బట్టి వచ్చును. కొంత చిన్నతనములో చాలని తిండి వలన వచ్చును. తల్లి గర్భములోను, పసితనములోను తిండి చాలక పెరిగిన శరీరము, పెద్దయైన పిమ్మట కొవ్వును నడుము చుట్టు సులభముగా నిలువచేసికొనునని శాస్త్రజ్ఞులు కనుగొన్నారు. నాడు ఆడపిల్లయని తక్కువ పెట్టి, నేడు లావని ఎగతాళి చేయుట ఏమి న్యాయము? భర్తలు, అత్తలు ఈ సంగతి నాలోచింపవలెను. ఇంటిలో పెరుగుచున్న ఆడపిల్లకు నేడు పాలు, గ్రుడ్డు, పప్పు సరిగా పెట్టినచో, నలువది ఏండ్ల తరువాత ఆమెకు ఈ చిక్కు కొంత తప్పును.

ఈ సంచిక ఆ గ్రామమునకును పోవును. ఆనాడు మమ్ము ప్రశ్నించిన సోదరికి మా సమాధానమిది. అమ్మా, మీరు ఇక మానవలసిన పూట లేదు. రాత్రి భోజనము తిరిగి మొదలుపెట్టుడు. ముందు రక్తపరీక్ష చేయించుకొనుడు. మీ అన్నమునకు వేరొక చిన్న గరిటెను నిర్ణయించుకొనుడు. కూరకు, పప్పుకు పెద్ద గరిటెయే యుండనిండు. మీ కంచము పెట్టుకొన్న పిమ్మట మిగిలిన అన్నము గిన్నెపై మూత పెట్టుడు. మొదటి గురి 48 కిలోలు కాదు, 57. మూడు నాలుగు నెలలలో ఆ మూడు కిలోలు దిగినచో మోకాళ్లకు, గుండెకు వెంటనే సుఖము తెలియును. ఆ పిమ్మటి సంగతి ఆ పిమ్మట చూచుకొనవచ్చును. తప్పు మీ నోటిదని ఇకమీదట ఎవరైనను అన్నచో, ఈ పుటను వారికి చదివి వినిపింపుడు.